ఆలూ బ్రెడ్ సరిగ్గా రాలేదా? ముందు దుంపలో నీళ్ల సంగతి చూద్దాం

పోయిన నెల ఇదే పేజీలో బంగాళాదుంప కలిపి ఇంట్లోనే బ్రెడ్ ఎలా చేసుకోవాలో రాశాను కదా, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేని మీదా రాలేదు. కొందరికి దూదిలా వచ్చింది, ఫొటోలు చూస్తే నోరూరింది. కొందరికి రాలేదు, పాపం మైదా, వెన్న, ఒక పూట పని అన్నీ పోయాయి. ఆ రాని వాళ్ల ఉత్తరాలే ముందు పెట్టుకుని చదివితే తేలింది ఏంటంటే, అందరూ దుంపని పిండి కింద లెక్క వేసుకున్నారు. అది పిండి కాదు. బంగాళాదుంపలో దాదాపు 80 శాతం నీళ్లే. 100 గ్రాముల దుంప వేశామంటే చిన్న టీ గ్లాసుడు నీళ్లు పోసినట్టే అనుకోండి. ఈరోజు జవాబులు సగం దీని చుట్టూనే తిరుగుతాయి.

పోయిన సంచిక దగ్గర లేనివాళ్ల కోసం కొలతలు మళ్లీ చెప్తున్నాను. మైదా 300 గ్రాములు, ఉడికించి మెదిపిన దుంప 100 గ్రాములు, పాలు 130 మిల్లీలీటర్లు, వెన్న 25 గ్రాములు, పంచదార 15, ఉప్పు 6, ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ 4 గ్రాములు. అన్నీ కలిపి పది పన్నెండు నిమిషాలు పిసికి, రెట్టింపయ్యేదాకా మూతపెట్టి ఉంచి, గాలి తీసి చుట్టి, 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పున్న టిన్నులో పెట్టి, అది మళ్లీ అంచుదాకా పొంగాక, ముందే వేడెక్కిన ఓవెన్లో 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. అంతే.

దుంపల్ని తొక్క తీసి, ముక్కలు కోసి, కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చాను. మెదిపి మైదాలో కలిపితే పిండి దోసెల పిండిలా జారింది. గట్టిపడాలని ఇంకో కప్పు మైదా వేశాను. బ్రెడ్ పైన రాయిలా, లోపల పచ్చిగా వచ్చింది. మా ఆయన తినకుండా పక్కన పెట్టేశారు, చాలా బాధేసింది. – ఒక పాఠకురాలు, విజయవాడ

బాధపడకండమ్మా, మీ చేతిలో లోపం లేదు, కుక్కర్లో ఉంది. కూరకైతే నాలుగు విజిల్స్ బాగానే ఉంటుంది, ఉప్పూ కారం పట్టాలి కాబట్టి దుంప మెత్తబడి నీళ్లు పీల్చినా నష్టం లేదు. బ్రెడ్డుకి ఆ నీళ్లే శత్రువు. తొక్క తీసిన ముక్కకి నాలుగు వైపులా దారి తెరిచినట్టే కదా, కుక్కర్లో ఉన్న నీళ్లన్నీ అందులోకే పోతాయి.

ఈసారి ఇలా చేయండి. మధ్యరకం దుంప ఒకటి, తొక్కతోనే, కోయకుండా, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించండి. అరగంట పైనే పడుతుంది, చాకు మొన గుచ్చితే ఎక్కడా ఆగకుండా దిగాలి. వేడిగా ఉండగానే తొక్క తీసి, మెదిపి, పొడి మూకుడులో వేసి సన్న సెగ మీద ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పండి. గిన్నెలోంచి ఆవిరి లేస్తుంటుంది చూడండి, ఆ పోయేదంతా మీకు అక్కర్లేని నీళ్లే. మూకుడు అడుగున పల్చగా తెల్లటి పొర అంటుకోవడం మొదలైతే చాలు, దించేయండి. ఇప్పుడు ఆ ముద్ద వేళ్లకి జిగటగా తగలదు, పొడిపొడిగా రాలుతుంది. తూకం వేయాల్సింది అప్పుడే, ఉడకక ముందు కాదు.

పాలు కూడా ఒక్కసారిగా పొయ్యొద్దు. 100 మిల్లీలీటర్లు పోసి కలిపి, ఐదు నిమిషాలు ఆగి, అవసరమైతేనే మిగతా 30 కొంచెం కొంచెంగా. దుంప పిండి మొదట్లో చేతికి బాగా అంటుకుంటుంది. ఆ టైమ్‌లోనే అందరికీ టెన్షన్ వచ్చి మైదా గుమ్మరిస్తారు. అది వద్దు. చేతికి కాస్త నూనె రాసుకుని పిసుకుతూ ఉండండి, ఎనిమిదో తొమ్మిదో నిమిషానికి గిన్నె అంచుల్ని వదిలి ముద్దలోకి వచ్చేస్తుంది. అప్పటికీ చపాతీ పిండి కంటే మెత్తగానే ఉంటుంది, ఉండాలి కూడా.

మిక్సీలో వేస్తే ఉండలు లేకుండా మెత్తగా వస్తుంది కదా, వేయొచ్చా? – ఏలూరు నుంచి

వద్దు. మిక్సీ బ్లేడు దుంపలోని గంజి అరల్ని చీల్చేస్తుంది, ఆ గంజంతా బయటికొచ్చి బంకలా సాగుతుంది. జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో నొక్కండి, రెండు నిమిషాల పని.

మాది జహీరాబాద్ దగ్గర. మా చేన్లనే ఆలుగడ్డ పండుతది. కొత్త గడ్డ తవ్వంగనే బ్రెడ్ చేస్తే గట్టిగ వచ్చింది, దుకాణంల కొన్న పాత గడ్డతోని చేస్తే మంచిగ వచ్చింది. మా గడ్డల ఏమన్న లోపమున్నదా? – ఒక రైతు బిడ్డ, సంగారెడ్డి జిల్లా

మీ గడ్డకేం లోపం లేదు, దాని వయసు వేరు. అప్పుడే తవ్విన గడ్డకి తొక్క పల్చగా, గోటితో గీరితే ఊడొచ్చేలా ఉంటుంది, లోపల నీళ్లు ఎక్కువ, గంజి తక్కువ. ఉడికినా ముక్క విరగదు, కూరలో చక్కగా నిలబడుతుంది. వేపుడుకి, కుర్మాకి అది బంగారం. బ్రెడ్డుకి కావాల్సింది ఉడికితే పగిలి పిండి రాలే గడ్డ. తవ్వాక నీడలో, గాలి తగిలేచోట రెండు మూడు వారాలు ఆరనిచ్చి వాడి చూడండి.

గడ్డని చూడగానే ఏ రకమో చెప్పడం కష్టం. దానికో చిన్న పరీక్ష ఉంది, మీ ఇంట్లో గడ్డలు బస్తాల్లో ఉంటాయి కాబట్టి మీకు బాగా పనికొస్తుంది. పదకొండు కప్పుల నీళ్లలో ఒక కప్పు ఉప్పు కరిగించి గడ్డల్ని వేయండి. గంజి ఎక్కువున్న గడ్డ బరువుగా ఉండి అడుగుకి దిగుతుంది, నీళ్లు ఎక్కువున్నది పైకి తేలుతుంది. మునిగినవి బ్రెడ్డుకి, తేలినవి కూరకి.

విత్తనం కొనేటప్పుడు కూడా ఒకమాట. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్లు ఇచ్చిన రకాలకి కుఫ్రీ అన్న పేరు ముందుంటుంది, కుఫ్రీ అంటే సిమ్లా పక్కనున్న ఊరు. 1998లో వచ్చిన కుఫ్రీ చిప్సోనా రకాలు చిప్స్ ఫ్యాక్టరీల కోసం చేసినవి, వాటిలో నీళ్లు తక్కువ, గంజి ఎక్కువ. అవి దొరికితే బ్రెడ్డుకీ బాగుంటాయి. ఇంకోటి, గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి గంజి చక్కెరగా మారుతుంది, బ్రెడ్ లోపల ఉడక్క ముందే పైన నల్లబడుతుంది. పచ్చరంగు తిరిగిన గడ్డల్ని దేనికీ వాడొద్దు.

పిండి మూడు గంటలైనా ఒక్క అంగుళం కూడా పొంగలేదు. ఈస్ట్ ప్యాకెట్ మీద తేదీ ఇంకా ఆరు నెలలుంది. వేడి మీదే కలిస్తే బాగా కలుస్తుందని దుంపని పొయ్యి మీంచి దించగానే మైదాలో వేసి, దాని మీదే ఈస్ట్ చల్లాను. – ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయురాలు

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది టీచర్ గారూ. ఈస్ట్ అంటే ప్రాణమున్న జీవి, 55 నుంచి 60 డిగ్రీల వేడి తగిలితే చచ్చిపోతుంది. పొయ్యి మీంచి దించిన దుంప అంతకంటే ఎక్కువే ఉంటుంది, పైగా ముద్ద కాబట్టి లోపలి వేడి తొందరగా వదలదు. పైన చల్లారినట్టే ఉంటుంది, మధ్యలో వేలు పెడితే చురుక్కుమంటుంది. ముద్దని పళ్లెంలో పల్చగా పరిచి, ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి, పసిపిల్లల పాలకి చూస్తాం కదా అలా. వేడీ తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు.

ఆ ప్యాకెట్ పారేయకండి. పావు కప్పు గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదార, అర టీస్పూను ఈస్ట్ వేసి పది నిమిషాలు ఉంచండి. పైన నురుగు కట్టిందా, ఈస్ట్ బతికే ఉంది. ప్యాకెట్ తెరిచాక గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి, మన వేసవికి బయట ఉంచితే తేదీ ఎంతున్నా నీరసించిపోతుంది.

వేసవిలో ఇంకో తిప్పలు కూడా ఉంది, అది దీనికి పూర్తిగా రివర్స్. బయట 42 డిగ్రీలున్నప్పుడు గంటన్నరలో పొంగాల్సింది నలభై నిమిషాల్లోనే పొంగిపోతుంది. గడియారం చూసుకుంటూ కూర్చుంటే పిండి పులిసిపోయి ఓవెన్లో మధ్యలో కుంగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలే పోస్తాను. పిండిలో వేలు నొక్కి తీస్తే ఆ గుంట నెమ్మదిగా, సగం వరకే పూడాలి. అదీ గుర్తు.

రెండోరోజు సాయంత్రం బ్రెడ్ కోస్తే మధ్యలో గోధుమ రంగులో తడితడిగా ఉంది. ముక్క తుంచితే సాలెగూడులా సన్నటి తీగలు సాగాయి. బాగా మగ్గిన ఖర్బూజా వాసన. బూజు మాత్రం ఎక్కడా లేదు. తినొచ్చా? – మచిలీపట్నం నుంచి

తినొద్దు. కాల్చుకుని కూడా తినొద్దు, కుక్కకి కూడా పెట్టకండి, కవర్లో కట్టి బయట పడేయండి. మీరు ఇంత బాగా వర్ణించి రాశారు కాబట్టి అనుమానం లేకుండా చెప్పగలను. ఇది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పని. మట్టిలో ఉంటుంది, గోధుమల మీదుగా మైదాలోకి, దుంప తొక్క మీదుగా మన వంటింట్లోకి వస్తుంది. బ్రెడ్ లోపలి భాగం ఓవెన్లో 100 డిగ్రీలు దాటదు, ఆ వేడికి దీని బీజాలు చావవు. చల్లారాక ఉక్కపోత దొరికితే మళ్లీ మొలిచి లోపలి గంజిని, మాంసకృత్తుల్ని కరిగించేస్తుంది. ఆ తీగలు అవే. రష్యన్‌లో దీనికి 'బ్రెడ్డుకొచ్చే బంగాళాదుంప జబ్బు' అన్న అర్థమొచ్చే పేరే ఉంది. అలాగని దుంప వేయని బ్రెడ్డుకి రాదని కాదు, దానికీ వస్తుంది.

సముద్రం పక్క ఊళ్లలో ఎండాకాలం ఇది రావడానికి అన్నీ అనుకూలమే, కాబట్టి కొంచెం గట్టిగా జాగ్రత్త పడాలి. దుంపల్ని మట్టి పూర్తిగా పోయేలా రుద్ది కడిగాకే ఉడికించండి. టిన్ను, బ్రెడ్ కోసే చెక్క, చాకు, ఆరబెట్టే జల్లెడ, చివరికి పిండి గట్టు కూడా వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి, లేకపోతే తర్వాత చేసే బ్రెడ్డుకి కూడా అంటుకుంటుంది. పిండిలో ఒక టీస్పూను వెనిగర్ వేయండి. పులుపు దీనికి పడదు, ఆ కాస్త మనకి రుచిలో తెలియదు. బాగా కాలనివ్వండి, వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చితే 95 డిగ్రీలు చూపించాలి, లేకపోతే టిన్నులోంచి తీసి అడుగున వేలితో కొట్టండి, బోలుగా శబ్దం రావాలి. అన్నిటికంటే ముఖ్యం, వేడి బ్రెడ్డుని కవర్లో పెట్టొద్దు. కనీసం రెండు గంటలు గాలికి ఆరాలి.

ఫ్రిజ్‌లో పెడితే ఒక్కరోజుకే గట్టిపడింది. దుంప వేస్తే నాలుగు రోజులు మెత్తగా ఉంటుందన్నారు? – విశాఖపట్నం

ఫ్రిజ్ వల్లే గట్టిపడింది. ఉడికిన గంజి చల్లబడ్డాక మళ్లీ గట్టిపడుతుంది, రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున మెతుకులు బిరుసెక్కుతాయి చూడండి, అదే. ఫ్రిజ్ చలికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. దుంప గంజి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మామూలు బ్రెడ్ కంటే ఆలస్యంగా బిరుసెక్కుతుంది, అంతే. చలికాలంలో బయటే మూడు రోజులు ఉంటుంది. వేసవిలో ఒక్కరోజుకి సరిపడా బయట పెట్టుకుని, మిగతాది ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెట్టండి, కావాల్సినప్పుడు నేరుగా పెనం మీద వేసుకోవచ్చు.

అక్కా, మా ఇంట్లో ఓవెన్ లేదు, కొనే స్థోమత ఇప్పట్లో లేదు. ఉర్లగడ్డలు మాత్రం బాగా దొరుకుతాయి. పిల్లలు బ్రెడ్ అని ఒకటే గోల. ఏదన్నా దారి చెప్పక్కా. – పలమనేరు నుంచి ఒక చెల్లెలు

రెండు దారులున్నాయి చెల్లీ.

మొదటిది కుక్కరు. పాత అల్యూమినియం కుక్కరైతే మేలు. రబ్బరు రింగు, వెయిట్ రెండూ తీసేయాలి, ఇది మర్చిపోవద్దు. అడుగున అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, చిన్న స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు పెద్ద మంట మీద వేడెక్కనివ్వు. నేను చెప్పిన కొలతల్లో సగం తీసుకుని గుండ్రటి గిన్నెలో పొంగనిచ్చి లోపల పెట్టి, సిమ్‌లో నలభై, నలభై ఐదు నిమిషాలు. పైన రంగు రాదు, దించాక వెన్న రాసి బోర్లించి పెనం మీద రెండు నిమిషాలు ఉంచితే వస్తుంది.

రెండోది నాకు ఇంకా ఇష్టం, దీనికి ఈస్ట్ కూడా అక్కర్లేదు. ఉత్తర ఐర్లండ్‌లో దుంప రొట్టె అంటే ఇదే, ఫ్యాడ్జ్ అని కూడా అంటారు, పెనం మీద కాలుస్తారు. వేడి వేడిగా మెదిపిన ఉర్లగడ్డ అరకిలో, మైదా 100 నుంచి 125 గ్రాములు, వెన్న 25, ఉప్పు. ఇక్కడ దుంప వేడిగానే ఉండాలి, చంపడానికి ఈస్ట్ లేదు కదా. పిసకకుండా చేత్తో అలా దగ్గరికి తీసి, అర సెంటీమీటరు కంటే కాస్త మందంగా గుండ్రంగా తట్టి, ప్లస్ గుర్తులా నాలుగు ముక్కలు కోసి, పొడి పెనం మీద మధ్యరకం సెగలో ఒక్కోవైపు నాలుగైదు నిమిషాలు. పైన గోధుమరంగు మచ్చలు పడతాయి, లోపల వెన్నలా ఉంటుంది. అక్కడ వాళ్లు పొద్దున్నే గుడ్లతో తింటారు. మీ ఇంట్లో పల్లీ చట్నీతో పెట్టి చూడు, పిల్లలు వదలరు.

మైదా బదులు మొత్తం గోధుమ పిండితో చేయొచ్చా? – హనుమకొండ

మొత్తం వద్దు, సగం సగం చేయండి. పొట్టు ముక్కలు పిండి సాగే గుణాన్ని తెంపుతాయి, దాని మీద దుంప బరువు కూడా పడితే పొంగలేక చతికిలపడుతుంది. గోధుమ పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది కాబట్టి పాలు 20 మిల్లీలీటర్లు పెంచి, కలిపాక ఇరవై నిమిషాలు నాననిచ్చి అప్పుడు పిసకండి. ఇదే ఊరి నుంచి ఇంకొకరు షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని అడిగారు: మైదా, దుంప రెండూ షుగర్ పెంచేవే, ఎంత తినాలో మీ డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

మా మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. బ్రెడ్‌లో దుంప కలపడం అంటే కల్తీ అని, కరువు రోజుల్లో చేసే పని అని ముట్టుకోవడం లేదు. ఆయనకి ఏం చెప్పాలి? – రాజమండ్రి

మామగారి మాటలో సగం నిజం ఉంది, అది ఒప్పుకుని మొదలుపెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఓడల రాకపోకలు ఆగిపోయి గోధుమలు కరువైనప్పుడు, 1914లోనే అక్కడి ప్రభుత్వం బ్రెడ్డులో దుంప కలపాలని రూలు పెట్టింది. దాన్ని కే-బ్రెడ్ అనేవారు. జర్మన్‌లో యుద్ధం అన్నమాటా, బంగాళాదుంప అన్నమాటా రెండూ కే తోనే మొదలవుతాయి. జనం దాన్ని ఇష్టపడి తినలేదు.

కానీ కథ అక్కడ మొదలవలేదు. ఫ్రాన్స్‌లో పార్మాంటియే అని సైన్యంలో మందులు కలిపే ఆయన, ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపున్న అప్పటి రాజ్యం) వాళ్లకి యుద్ధఖైదీగా దొరికి జైల్లో దుంపలే తిని బతికాడు. విడుదలై వచ్చాక దుంప మనుషుల తిండేనని దేశాన్ని ఒప్పించడానికే జీవితమంతా పెట్టి, 1770ల చివర్లో దుంపతో బ్రెడ్ చేసే పద్ధతి మీద పుస్తకమే రాశాడు. ఇక ఫిన్‌లాండ్ వాళ్లు, హంగరీ వాళ్లు గోధుమలకి ఏ కరువూ లేని ఈరోజుల్లో కూడా దుంప బ్రెడ్ ఇష్టంగా చేసుకుంటున్నారు. కల్తీ అంటే కొనేవాడికి తెలియకుండా కలపడం. మీరు ఇంట్లో, అందరి ముందూ, రుచి కోసం కలిపారు. ఇవన్నీ చెప్పినా వినకపోతే, పొద్దున్నే వేడి ముక్క మీద వెన్న రాసి, ఫిల్టర్ కాఫీతో ఆయన పేపర్ పక్కన పెట్టి వచ్చేయండి.

అమ్మాయి పురిటికి డాలస్ వచ్చాను. ఇక్కడ దుంపలు నాలుగైదు రకాలున్నాయి, ఏది తీసుకోవాలో తెలియడం లేదు. – ఒక అమ్మమ్మ

ముందుగా మనవడికో మనవరాలికో మా ఆశీస్సులు. రస్సెట్ అని గోధుమరంగు గరుకు తొక్కతో పొడుగ్గా ఉంటుంది, అది తీసుకోండి, ఉడికితే పిండిలా రాలుతుంది. ఎర్ర తొక్కవి వద్దు. అక్కడ బ్రెడ్ ఫ్లోర్ అని విడిగా దొరుకుతుంది, మన మైదా కంటే గట్టిది, పాలు ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పడతాయి. బిడ్డని చూసుకుంటూ దుంపలు ఉడికించే తీరిక లేకపోతే ఎండు పొటాటో ఫ్లేక్స్ తెప్పించుకోండి, ఉప్పూ మసాలా కలపనివి. 20 గ్రాముల ఫ్లేక్స్‌లో 80 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోస్తే 100 గ్రాముల ముద్ద తయారవుతుంది, చల్లార్చి వాడండి.

ఆవిరి మీద కాకుండా తొక్క తీసి నీళ్లలో ఉడికిస్తే ఆ నీళ్లు ఏం చేయాలి? – కర్నూలు

పారబోయకండి. అందులో గంజి దిగి ఉంటుంది, పాలకి బదులు అవే 130 మిల్లీలీటర్లు, చల్లారాక పోసి కలపండి. ఈస్ట్ చురుగ్గా పనిచేస్తుంది. ఉడికించేటప్పుడు ఉప్పు వేసి ఉంటే మాత్రం పిండిలో వేసే ఉప్పు ఆ మేరకు తగ్గించండి.